గోదావరి డెల్టాలో గుండె ఆగడం: చికిత్స, ఫలితాలు

గుండె హఠాత్తుగా ఆగిపోవడాన్ని వైద్యులు కార్డియాక్ అరెస్ట్ అంటారు. శరీరానికి రక్తం పంపే పని ఉన్నట్టుండి నిలిచిపోతుంది. మనిషి కొన్ని సెకన్లలో స్పృహ తప్పి పడిపోతాడు, పిలిస్తే పలకడు, నాడి అందదు, శ్వాస ఆగిపోతుంది లేదా ఎగశ్వాసగా మారుతుంది. గుండెపోటు వేరు. గుండె కండరానికి రక్తం తెచ్చే నాళం మూసుకుపోతే వచ్చేది గుండెపోటు. అది వచ్చినవాడు గుండె పట్టుకుని మాట్లాడుతూనే ఉండవచ్చు, మోటారు సైకిలు వెనక కూర్చుని ఆసుపత్రికి రావచ్చు. ఆ పోటు గుండె లయను చెడగొట్టిన క్షణాన గుండె ఆగుతుంది. పెద్దవాళ్లలో ఇదే ముఖ్య కారణం. డెల్టాలో దీనికి తోడు కాలవ నీళ్లు, చెరువు గట్టు మీద కరెంటు, పురుగుమందు, పాము కూడా గుండెను ఆపుతాయి.

2022 ఏప్రిల్‌లో జరిగిన విభజనతో పాత ఉభయ గోదావరి జిల్లాల్లో చాలా భాగం కాకినాడ, కోనసీమ, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాల్లోకి వచ్చింది. ఈ ప్రాంతంలో పెద్దాసుపత్రులకు కొదవ లేదు. కాకినాడలో 1958లో వెలసిన రంగరాయ వైద్య కళాశాల, దాని అనుబంధ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉన్నాయి. రాజానగరంలో జీఎస్ఎల్, అమలాపురంలో కిమ్స్, ఏలూరులో ఆశ్రం వైద్య కళాశాలలు ఉన్నాయి. 2023 సెప్టెంబరులో రాజమహేంద్రవరం, ఏలూరులలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. రాజమహేంద్రవరం, భీమవరం, కాకినాడల్లో గుండె నాళాలు తెరిచే ప్రైవేటు ఆసుపత్రులూ ఉన్నాయి. అయినా గుండె ఆగినవారిలో బతికేది కొద్దిమందే. ఎందుకంటే ఇక్కడ ఫలితం తేలేది ఆసుపత్రి గుమ్మం దాటాక కాదు, మనిషి పడిపోయిన చోట, మొదటి పది నిమిషాల్లో.

శరీరంలో జరిగేది

గుండె ఆగడంలో రెండు తెగలున్నాయి. మొదటిదాంట్లో కింది గదులు లయ తప్పి గిలగిలా వణుకుతాయి. కండరం కదులుతూనే ఉంటుంది గాని రక్తం బయటికి పోదు. దీన్ని వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటారు. దీనికి కరెంటు షాకే మందు. రెండోదాంట్లో విద్యుత్ చలనం పూర్తిగా ఆగిపోతుంది, లేదా ఈసీజీలో గీతలు కనిపిస్తున్నా నాడి ఉండదు. వీటికి షాక్ పనిచేయదు. మన సినిమాల్లో మానిటరు మీద గీత చదునైపోగానే డాక్టరు రెండు పెట్టెలు తీసి ఛాతీకి ఆనించడం పరిపాటి. నిజమైన ఆసుపత్రిలో చదునైన గీతకు షాక్ ఇవ్వరు. ఛాతీ నొక్కుతారు, అడ్రినలిన్ ఇస్తారు, కారణం వెతుకుతారు.

వ్యవధి ఇంత తక్కువ ఎందుకో చెప్పిన శాస్త్రంలో ఈ డెల్టా బిడ్డ చెయ్యి ఉంది. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉందని కనుక్కున్నాడు. కణం వెంటనే ఖర్చుపెట్టుకునే శక్తి ఏటీపీ రూపంలో ఉంటుంది. అది తరిగినప్పుడల్లా నింపిపెట్టేది ఫాస్ఫోక్రియాటిన్. మెదడులో ఈ నిల్వ బహు స్వల్పం. రక్తం ఆగిన పది, పదిహేను సెకన్లలో స్పృహ పోతుంది, కాసేపట్లో ఫాస్ఫోక్రియాటిన్ అయిపోతుంది, కొద్ది నిమిషాల్లో ఏటీపీ కూడా అడుగంటుతుంది. నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు కణాలు చావడం మొదలవుతుంది. సుబ్బారావు 1948 ఆగస్టులో అమెరికాలో నిద్రలోనే గుండెపోటుతో పోయాడు. వయసు 53. ఛాతీ మీద చేతులతో నొక్కి ఆగిన గుండె పని నడిపించవచ్చని లోకానికి తెలియడానికి అప్పటికి ఇంకా పన్నెండేళ్లుంది.

డెల్టాలో కారణాలు

ఈ ప్రాంతంలో జనం దేనితో చనిపోతున్నారో భారతదేశంలోని చాలా పల్లెప్రాంతాలకన్నా బాగా తెలుసు. 2003-04లో ఏడాది పాటు ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, 1,80,162 మంది జనాభాలో, ప్రతి మరణాన్నీ నమోదు చేసి, ఇంటికి వెళ్లి, చనిపోయేముందు ఏం జరిగిందని ఇంటివాళ్లను అడిగి కారణం నిర్ణయించారు. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య కార్యక్రమం పేరుతో బైర్రాజు ఫౌండేషన్, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ తదితర సంస్థలు చేసిన పని అది. 2006లో ఫలితాలు అచ్చయ్యాయి. మొత్తం 1,354 మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. గాయాలు, ప్రమాదాలది 13 శాతం, అంటువ్యాధులది 12 శాతం. పల్లెల్లో కలరా, మలేరియా, క్షయలే ప్రధాన శత్రువులన్న పాత లెక్క వరి పండే ఈ సీమలో ఎప్పుడో మారిపోయిందని అది తేల్చింది. అదే కార్యక్రమంలో జరిగిన మరో సర్వేలో ముప్పై దాటినవారిలో 13 శాతానికి మధుమేహం బయటపడింది. వారిలో సగానికి సగం మందికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. ఉప్పు సంగతీ అంతే. మూత్ర పరీక్షల ఆధారంగా లెక్కకట్టిన ఇంకో అధ్యయనంలో ఆంధ్రుల సగటు వాడకం రోజుకు తొమ్మిది గ్రాములు దాటింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది అయిదు గ్రాములు. ఆవకాయ, మాగాయ, ఎండుచేప, అప్పడం కలిసిన భోజనానికి ఇది ఆశ్చర్యపోవాల్సిన అంకె కాదు.

ఇలా ఏళ్ల తరబడి మూసుకుంటూ వచ్చిన నాళం ఒకనాడు పూర్తిగా పూడుకుపోతుంది. ఫిబ్రిలేషన్ ముప్పు ఎక్కువగా ఉండేది నొప్పి మొదలైన మొదటి గంటల్లోనే. సరిగ్గా ఆ గంటలనే డెల్టా పల్లె "గ్యాస్ పట్టింది" అని సోడా తాగడానికి, జీలకర్ర నమలడానికి, గ్యాస్ మాత్ర వేసుకోవడానికి, తెల్లారాక చూద్దామని పడుకోవడానికి ఖర్చుపెడుతుంది. ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమట, ఆయాసం కలిసి వస్తే అది గ్యాస్ కాదనుకుని బయల్దేరడమే క్షేమం.

గుండె జబ్బుతో సంబంధం లేని కారణాలు ఈ నేలకు ప్రత్యేకం. వీటికి విడిగా చోటు ఇవ్వాలి. బాధితులు సాధారణంగా వయసులో ఉన్నవారు, గుండె బాగున్నవారు. కనుక సరైన పని సరైన సమయానికి జరిగితే బతికే అవకాశం గుండె జబ్బువారికన్నా ఎక్కువ.

మొదటిది నీరు. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలు ఊరూరా పారాయి. ప్రతి ఇంటి పిల్లవాడికీ నీరు నాలుగడుగుల దూరంలో ఉంది. మునిగినవాడి గుండె ఆగేది ప్రాణవాయువు అందక. ముందు ఊపిరి ఆగుతుంది, తర్వాత గుండె. అందుకే ఇక్కడ నోటితో ఊపిరి ఊదడంతో మొదలుపెట్టాలి. ఛాతీ నొక్కడం ఒక్కటే చాలదు. ఊళ్లలో జరిగేది వేరు. పిల్లవాణ్ణి కాళ్లు పట్టి తలకిందులుగా తిప్పుతారు, బోర్లా వేసి కడుపు నొక్కి నీళ్లు కక్కిస్తారు. ఊపిరితిత్తుల్లో చేరిన నీరు ఇలా బయటికి రాదు. వచ్చేది కడుపులో నీరు, అది మళ్లీ శ్వాసనాళంలోకి పోతుంది. మునిగినవారిని ఉప్పు గుట్టలో కప్పితే లేచి కూర్చుంటారని ఫోన్లలో తిరిగే వీడియోలకు ఏ ఆధారమూ లేదు.

రెండోది కరెంటు. భీమవరం, ఉండి, ఆకివీడు, కైకలూరు వైపు రొయ్యల, చేపల చెరువుల గట్ల మీద ఏరియేటర్లు, మోటార్లు రాత్రింబవళ్లు తిరుగుతాయి. తడి చేతులు, తడి నేల, అతుకులు పడ్డ వైరు. ఇంటి వోల్టేజిలో వచ్చే ఏసీ కరెంటు ఛాతీ మీదుగా పోతే గుండె ఫిబ్రిలేషన్‌లోకి పోతుంది, అంటే షాక్‌తో తిరిగి లయకు వచ్చే రకం. ముందు స్టార్టరు దగ్గర కరెంటు కట్టేసి ఆ తర్వాతే మనిషిని ముట్టుకోవాలి. మే, జూన్ నెలల్లో పొలాల మీద పడే పిడుగుల విషయంలో ఒక విచిత్రం ఉంది. గుంపులో కొందరు మూలుగుతూ, కొందరు చలనం లేకుండా ఉంటే, మామూలు ప్రమాదాల పద్ధతికి తలకిందులుగా చలనం లేనివారినే ముందు చూడాలి. పిడుగు దెబ్బకు ఆగిన గుండె తనంతట తాను మళ్లీ కొట్టుకోవచ్చు, ఊపిరి మాత్రం ఆలస్యంగా వస్తుంది. ఆ మధ్యలో ఊపిరి అందిస్తే మనిషి దక్కుతాడు.

మూడోది విషం. పురుగుమందుల్లో ఆర్గానోఫాస్ఫేట్ తెగవి ఊపిరితిత్తుల్ని స్రావాలతో నింపి, శ్వాస కండరాల్ని చచ్చుబరుస్తాయి. అట్రోపిన్, వెంటిలేటరు సకాలంలో అందితే చాలామంది కోలుకుంటారు. కట్లపాము కాటుదీ దాదాపు ఇదే తీరు. రాత్రి నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది, నొప్పి ఉండదు, గాటు కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు, రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, తర్వాత ఊపిరి ఆగుతుంది, దాని వెంట గుండె. ఈ రోగి కళ్లు తెరవడు, వేలు కదపడు, కనుపాప కూడా స్పందించకపోవచ్చు. మెదడు చచ్చిపోయిందని పొరబడే ప్రమాదం ఉంది. వెంటిలేటరు మీద కొన్ని రోజులు ఓపిక పడితే లేచి ఇంటికి వెళ్లేవాళ్లు వీళ్లే.

ఛాతీ నొక్కడం

చేతులతో ఛాతీని నొక్కి రక్తప్రసరణ నడిపించే పద్ధతిని 1960లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో కౌవెన్హోవెన్, జూడ్, నికర్‌బాకర్ ప్రకటించారు. వీరిలో పెద్దాయన కౌవెన్హోవెన్ డాక్టరు కాదు, ఎలక్ట్రికల్ ఇంజినీరు. విద్యుత్ లైన్లు వేసే కార్మికులు షాక్ తగిలి చనిపోతుంటే కంపెనీలు ఆ పరిశోధనకు డబ్బు పెట్టాయి. మన చెరువు గట్ల మీది చావులకు జవాబు వెతుకుతూ మొదలైన పనే ఇదనుకోవచ్చు. నోటితో ఊపిరి ఇవ్వడాన్ని పీటర్ సఫార్ 1950ల చివర్లో స్థిరపరిచాడు. షాక్ యంత్రాన్ని ఆసుపత్రి నుంచి బయటికి, వాహనంలోకి తెచ్చింది 1960ల మధ్యలో బెల్‌ఫాస్ట్ వైద్యుడు ఫ్రాంక్ పాంట్రిడ్జ్.

పద్ధతి కష్టమైనది కాదు. మనిషిని గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. మంచం మీద కాదు, కారు సీట్లో అసలే కాదు. ఛాతీ నడిమి ఎముక కింది సగం మీద అరచేతి మడమ ఆనించి, రెండో చేయి దానిపై పెట్టి, మోచేతులు వంచకుండా అయిదు నుంచి ఆరు సెంటీమీటర్ల లోతుకు నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. శిక్షణ ఉన్నవారు ముప్పై నొక్కులకు రెండు ఊపిరులు ఇస్తారు. శిక్షణ లేనివారి కోసం మన దేశపు మత్తువైద్యుల సంఘం 2017లో ఊపిరి జోలికి పోకుండా నొక్కడం ఒక్కటే చేసే పద్ధతిని సూచించింది. నొక్కేవారు రెండు నిమిషాలకోసారి మారాలి. ఎంత దిట్టమైన మనిషైనా అంతకు మించి అదే లోతులో నొక్కలేడు.

పక్కటెముకలు విరుగుతాయేమో అన్న భయం సహజం. విరగవచ్చు, అతుక్కుంటాయి కూడా. ఆడవారి ఛాతీ మీద చేయి వేయడానికి మగవాళ్లు జంకడం అన్ని దేశాల్లోనూ నమోదైంది. మన ఊళ్లలో ఆ జంకు ఇంకొంచెం ఎక్కువ. కాబట్టి ఊరికి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లయినా, ఆశా కార్యకర్తలో డ్వాక్రా సంఘం నాయకురాళ్లో, ఈ పని నేర్చి ఉండటం అవసరం.

అసలు అడ్డంకి గుర్తుపట్టడంలో ఉంది. గుండె ఆగిన మొదటి నిమిషాల్లో చాలామంది నోరు తెరిచి, ఆగి ఆగి గాలి లాగుతారు. గొంతులో గురక వినిపిస్తుంది. దాన్నే మనవాళ్లు ఎగశ్వాస అంటారు. ప్రపంచమంతా దీన్ని చూసి "ఇంకా ఊపిరి ఉంది కదా" అనుకుని నొక్కడం ఆలస్యం చేస్తుంది. మన ఇళ్లలో చిక్కు ఇంకొకటి. ఎగశ్వాస అంటే చివరి ఘడియ అని తరతరాల నమ్మకం. అది మొదలవగానే మనిషిని కిందికి దించి, నోట్లో తులసి తీర్థం పోసి, దూరంలో ఉన్న కొడుక్కి ఫోను చేస్తారు. తొంభై ఏళ్ల వృద్ధుడు మంచాన పడి నెమ్మదిగా కన్నుమూస్తున్నప్పుడు అది సరైన పనే. నిమిషం క్రితం దాకా టీ తాగుతూ మాట్లాడిన యాభై ఏళ్ల మనిషి కూలిపోయి ఎగశ్వాస పెడుతుంటే, అది నొక్కడం మొదలుపెట్టాల్సిన క్షణం. పడగానే కాళ్లూ చేతులూ కొట్టుకోవచ్చు కూడా. దాన్ని ఫిట్స్ అనుకుని చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం మామూలు. అక్కడ మూడు నిమిషాలు పోతాయి.

తర్వాత కబురు ఆర్ఎంపీ డాక్టరుకు వెళ్తుంది. చదువుకున్న డాక్టర్లు ఎన్ని అభ్యంతరాలు చెప్పినా, అర్ధరాత్రి లంక ఊళ్లో తలుపు తడితే లేచే వైద్యం ఆయనది. ఆయన బీపీ చూస్తాడు, ఒక ఇంజెక్షను వేస్తాడు, కార్లో ఎక్కించమంటాడు. ఈ మూడింటికీ బదులు ఛాతీ నొక్కడం చేస్తే ఆ పల్లెలో అందరికన్నా ఉపయోగపడే మనిషి ఆయనే. గుండె పునరుజ్జీవన శిక్షణను ఆర్ఎంపీలకు ఇవ్వడం వారికి గుర్తింపు ఇచ్చినట్టవుతుందన్న వాదన ఉంది. ప్రాణం పక్కన పెట్టి చూస్తే తప్ప ఆ వాదనకు బరువు లేదు.

108, రేవు, గట్టు రోడ్డు

108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. డెల్టా మరణాల లెక్క తీయించిన బైర్రాజు ఫౌండేషన్, ఈ అంబులెన్సు సంస్థ, రెండూ భీమవరం మూలాలున్న ఒకే కుటుంబం పెట్టినవి. 2009 జనవరిలో ఆ కుటుంబపు కంపెనీ సత్యంలో కుంభకోణం బయటపడ్డాక ఫౌండేషన్ పని కుంచించుకుపోయింది, అంబులెన్సు నిర్వహణ చేతులు మారింది, సేవ మాత్రం నిలిచింది. 2020 జులై 1న రాష్ట్ర ప్రభుత్వం 104, 108 వాహనాలు కలిపి 1,088 రోడ్డెక్కించింది. వాటిలో 108 కోసం కొన్న కొత్తవి 412. అందులో వెంటిలేటరు, షాక్ యంత్రం ఉన్న ఉన్నత స్థాయి అంబులెన్సులు 104. పట్టణంలో 15 నిమిషాల్లో, పల్లెలో 20 నిమిషాల్లో చేరాలని లక్ష్యం పెట్టారు.

ఈ లక్ష్యాన్ని గుండె ఆగిన రోగి పక్కన పెట్టి చూడాలి. ఎవరూ ఛాతీ నొక్కకపోతే, షాక్ అందని ప్రతి నిమిషానికీ బతికే అవకాశం ఏడు నుంచి పది శాతం చొప్పున తరుగుతుంది. అంటే అంబులెన్సు సరిగ్గా వేళకు వచ్చినా, ఇరవై నిమిషాలకు మిగిలేది దాదాపు సున్నా. నొక్కడం మొదటి నుంచీ జరుగుతుంటే ఈ తరుగుదల సగానికి సగం మందగిస్తుంది. 108 సిబ్బంది ఎంత నైపుణ్యం ఉన్నవారైనా ఈ కూడికలు తీసివేతల్ని మార్చలేరు. ప్రసవాలకు, రోడ్డు ప్రమాదాలకు, గుండెపోటుకు ఆ సేవ చేసిన మేలు కొలవలేనిది. ఆగిన గుండెకు అది రెండో మెట్టే.

డెల్టా భూగోళం కూడా సహకరించదు. ఊళ్లు దగ్గర దగ్గరగా, రోడ్లు కాలవ గట్ల మీద వంకరగా. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య వశిష్ఠ మీద పంటు దాటాలి, లేదా చించినాడ వంతెన చుట్టి రావాలి. లంక గ్రామాల్లో వరద రోజుల్లో రేవు దాకా పడవే దిక్కు. అమలాపురం నుంచి కాకినాడకైనా రాజమహేంద్రవరానికైనా అరవై కిలోమీటర్లకు పైమాటే. కదిలే అంబులెన్సులో సరిగ్గా నొక్కడం దాదాపు అసాధ్యం. అందువల్ల చాలా దేశాల్లో గుండె తిరిగి కొట్టుకునేదాకా పడిన చోటనే చికిత్స చేస్తారు, ఆ తర్వాతే కదిలిస్తారు. మన దగ్గర ఆగి చికిత్స చేస్తున్న సిబ్బందిని చూసి "ఎక్కించకుండా ఇక్కడేం చేస్తున్నారు" అని చుట్టూ చేరినవారు తగవుకు దిగుతారు.

ఆసుపత్రిలో

ఎమర్జెన్సీ గదిలో మొదటి పని నొక్కడం కొనసాగించడమే. మానిటరులో ఫిబ్రిలేషన్ కనిపిస్తే షాక్, వెంటనే మళ్లీ రెండు నిమిషాలు నొక్కడం. ప్రతి మూడు నుంచి అయిదు నిమిషాలకు ఒక మిల్లీగ్రాము అడ్రినలిన్. షాక్‌లకు లొంగకపోతే లయను సరిచేసే అమియోడరోన్. శ్వాసనాళంలో గొట్టం. ఈలోగా కారణం వెతకాలి: ప్రాణవాయువు తగ్గిందా, రక్తం కారిపోయిందా, పొటాషియం పెరిగిందా, విషమా, ఊపిరితిత్తుల నాళంలో గడ్డా, ఛాతీలో గాలి పేరుకుందా. డయాలసిస్ రోగి వచ్చి పడితే పొటాషియం అనుమానించి కాల్షియం ఇవ్వడం ఒక్కోసారి అక్కడికక్కడే ఫలిస్తుంది.

అడ్రినలిన్ కథ వినదగ్గది. యాభై ఏళ్లకు పైగా వాడుతూ వచ్చిన ఈ మందును బ్రిటన్‌లో 8,014 మంది మీద పరీక్షించి 2018లో ఫలితం ప్రకటించారు. నెల రోజులకు బతికున్నవారు అడ్రినలిన్ ఇచ్చినవారిలో 3.2 శాతం, ఇవ్వనివారిలో 2.4 శాతం. మెదడు బాగున్నవారి లెక్కలో మాత్రం రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. గుండెను లేపినంత సులువుగా మెదడును లేపలేమని ఆ అంకెలు చెబుతాయి. శరీరాన్ని 33 డిగ్రీలకు చల్లబరిచి మెదడును కాపాడే పద్ధతి 2002 నుంచి ప్రచారంలోకి వచ్చింది. 2021 నాటి పెద్ద పరీక్షలో దానికీ అదనపు లాభం కనిపించలేదు. ఇప్పుడు జ్వరం రాకుండా చూడటం మీదే దృష్టి పెట్టారు. మెదడు సంగతి తేల్చి చెప్పడానికి కనీసం మూడు రోజులు ఆగాలన్నది అంగీకరించిన నియమం.

గుండెపోటు దశలోనే పట్టుకుంటే ఇదంతా తప్పుతుంది. 2023లో భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో రాష్ట్రంలో మొదలైన స్టెమీ (నాళం పూర్తిగా మూసుకుపోయిన గుండెపోటు) కార్యక్రమం ఉద్దేశం అదే. ఏరియా ఆసుపత్రిలో తీసిన ఈసీజీ దూరంలోని హృద్రోగ నిపుణుడికి ఫోన్లో చేరుతుంది. ఆయన అవునంటే నలభై వేల రూపాయలకు పైగా ఖరీదు చేసే టెనెక్టిప్లేస్ ఇంజెక్షను అక్కడే ఉచితంగా ఇస్తారు. గడ్డ కరుగుతుంది. తర్వాత నింపాదిగా పెద్దాసుపత్రికి పంపి, జనం "స్టంటు" అనే స్టెంటు అవసరమైతే వేస్తారు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకంలో ఆ ఖర్చు కలుస్తుంది. తునిలోనో రాజోలులోనో నొప్పి వచ్చినవాడికి కాకినాడ చేరేదాకా ఆగనక్కర్లేని ఈ ఏర్పాటు, నా దృష్టిలో, డెల్టాలో గుండె నాళాలు తెరవడానికి కొత్తగా కట్టే ఏ క్యాథ్ ల్యాబ్ కన్నా ఎక్కువ గుండెల్ని ఆగకుండా చూడగలదు.

ఫలితాలు

గుండె ఆగినవారి లెక్కలు పోల్చదగ్గ రీతిలో రాయడానికి 1990లో నార్వేలోని ఉట్‌స్టీన్ మఠంలో నిపుణులు కూర్చుని ఒక నమూనా తయారు చేశారు. జపాన్ 2005 నుంచి దేశమంతటా ఆ నమూనాలో నమోదు చేస్తోంది. మన దేశంలో అటువంటి దేశవ్యాప్త పద్దు లేదు. అందుచేత ఫలితాల గురించి మాట్లాడేటప్పుడు బయటి అంకెలే కొలబద్ద. అమెరికాలో ఆసుపత్రి బయట గుండె ఆగి, అంబులెన్సు సిబ్బంది చికిత్స చేసినవారిలో సుమారు పది శాతం బతికి ఇంటికి వెళ్తారు. ఆసుపత్రిలో ఉండగా ఆగినవారిలో దాదాపు నాలుగో వంతు. లాస్ వేగాస్ జూదశాలల్లో కాపలాదారులకు షాక్ యంత్రాలిచ్చి నేర్పిస్తే, మూడు నిమిషాల్లోపు షాక్ అందినవారిలో 74 శాతం బతికారని 2000లో తేలింది. మూడు నిమిషాలు దాటితే అది 49 శాతానికి పడింది.

డెన్మార్క్ అనుభవం మనకు ఎక్కువ పనికొస్తుంది. అక్కడ బడి పిల్లలకు, డ్రైవింగ్ లైసెన్సు కోరేవారికి ఛాతీ నొక్కడం నేర్పడం తప్పనిసరి చేశారు. పక్కనున్నవారు నొక్కిన కేసులు 2001లో 21 శాతం, 2010లో 45 శాతం. అదే కాలంలో నెల రోజులకు బతికున్నవారు 3.5 నుంచి 10.8 శాతానికి, అంటే మూడు రెట్లకు పెరిగారు. ఆ పదేళ్లలో అంబులెన్సులూ ఆసుపత్రులూ మెరుగైనమాట నిజమే గాని, ఇంత పెరుగుదలను వాటి ఖాతాలోనే వేయలేం.

తెలుగునాట అందరికీ తెలిసిన రెండు ఘటనలు ఈ అంకెలకు రూపం. 2022 ఫిబ్రవరి 21న అప్పటి ఆంధ్రప్రదేశ్ మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి హైదరాబాదులో ఇంట్లో కుప్పకూలారు. కార్పొరేట్ ఆసుపత్రికి చేరేసరికే ఊపిరి లేదు. అక్కడ తొంభై నిమిషాలకు పైగా ప్రయత్నించినా ఫలితం దక్కలేదు. వయసు 50. 2023 జనవరి 27న కుప్పంలో పాదయాత్రలో పడిపోయిన నటుడు తారకరత్నకు స్థానిక ఆసుపత్రిలో ఛాతీ నొక్కి గుండెను తిరిగి కొట్టుకునేలా చేశారు. బెంగళూరు తరలించి మూడు వారాలు చికిత్స చేసినా, రక్తం అందని వేళలో మెదడుకు తగిలిన దెబ్బ నయం కాలేదు. ఫిబ్రవరి 18న కన్నుమూశారు. ఇద్దరికీ డబ్బుకు, డాక్టర్లకు లోటు లేదు.

ఇలాంటి వార్తల వెంటే కోవిడ్ టీకా వల్ల యువకుల గుండెలు ఆగుతున్నాయన్న మాట ఊళ్లలో పాకింది. భారత వైద్య పరిశోధన మండలి 47 ఆసుపత్రుల్లో 18 నుంచి 45 ఏళ్లవారి హఠాన్మరణాలు 729 పరిశీలించి 2023లో ప్రకటించింది: టీకా ముప్పును పెంచలేదు. పెంచినవి కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరిన చరిత్ర, కుటుంబంలో హఠాన్మరణాలు, చనిపోయే ముందు రెండు రోజుల్లో అతిగా మద్యం తాగడం, కఠిన వ్యాయామం చేయడం.

బతికినవారికి చికిత్స అక్కడితో ముగియదు. కారణం తిరిగి సరిదిద్దలేనిదైతే, లయ తప్పినప్పుడల్లా లోపలినుంచే షాక్ ఇచ్చే ఐసీడీ అనే చిన్న యంత్రాన్ని చర్మం కింద అమరుస్తారు. ఖరీదు లక్షల్లో. జ్ఞాపకం తగ్గడం, కోపం పెరగడం, నిద్ర పట్టకపోవడం నెలల పాటు ఉంటాయి. వీటిని మనవాళ్లు "మనిషి మారిపోయాడు" అని సరిపెడతారు, డాక్టరుకు చెప్పరు. నలభై దాటని వ్యక్తి గుండె ఆగితే అతని తోబుట్టువులకు, పిల్లలకు ఈసీజీ, ఎకో తీయించాలి. వారసత్వంగా వచ్చే కండర జబ్బులు, లయ జబ్బులు ఆ ఇంట్లో ఇంకొకరిలో పొంచి ఉండవచ్చు.

కోలుకోనివారి సంగతి గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఐసీయూ గుమ్మం దగ్గర డాక్టరు "కష్టమండీ, మీ ఇష్టం" అంటాడు. ఆ మాటకు అర్థం ఇంటివాళ్లకు తెలుసు. గొట్టం తీయకుండా, దారి పొడుగునా చేత్తో ఊపిరి అందించే అంబూ బ్యాగు నొక్కుకుంటూ ఊరికి తీసుకెళ్తారు, ప్రాణం సొంత గడప లోపల పోవాలని. 2018 మార్చిలో సుప్రీంకోర్టు గౌరవంగా మరణించే హక్కును గుర్తించింది. 2023 జనవరిలో ముందస్తు వైద్య నిర్దేశ పత్రం నియమాలను సరళం చేసింది. ముదిరిన క్యాన్సరుతోనో అవయవాలన్నీ చెడిపోయో ఉన్న వృద్ధుడి ఛాతీ నొక్కకపోవడం కూడా వైద్యమేనని, ఆ మాట కాగితం మీద రాసిపెట్టవచ్చని డెల్టా కుటుంబాలకు చెప్పేవారు తక్కువ.

ముందున్న పని

2015 జులై 14న, గోదావరి పుష్కరాల తొలిరోజు, రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో జరిగిన తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. తొక్కిసలాటలో సాధారణంగా ప్రాణం తీసేది ఛాతీ నొక్కుకుపోయి ఊపిరాడకపోవడం. అలా ఆగిన గుండెల్లో కొన్నింటిని వెంటనే ఊపిరి ఊది, నొక్కి తిరిగి నడిపించే వీలుంటుంది, పక్కనున్నవారికి తెలిసి ఉంటే. మళ్లీ పుష్కరాలు 2027లో. ఘాట్ల దగ్గర నిలబెట్టే పోలీసులకు, గజ ఈతగాళ్లకు, సేవాదళ విద్యార్థులకు ఇప్పటినుంచే నేర్పడానికి వ్యవధి ఉంది. తెలంగాణ 2023 మార్చిలో పోలీసులు, మున్సిపల్ సిబ్బందికి పెద్ద ఎత్తున ఈ శిక్షణ మొదలుపెట్టింది. నొక్కడానికి బొమ్మ, నేర్పడానికి ఒక మత్తువైద్యుడు, అరపూట సమయం ఉంటే చాలు. షాక్ యంత్రాలు రాజమహేంద్రవరం, సామర్లకోట, భీమవరం, నిడదవోలు రైల్వే స్టేషన్లలో, అన్నవరం, ద్వారకా తిరుమల, అంతర్వేది వంటి జనం చేరే క్షేత్రాల్లో ఉండాలి. తాళం వేసిన గదిలో కాదు, గోడ మీద, ఎవరికైనా అందేలా. బీరువాలో పెట్టి తాళంచెవి ఈవోగారి దగ్గర ఉంచితే కొన్నా కొననట్టే.

రొయ్యల చెరువుల దగ్గర ఇంకో పని ఉంది. ప్రతి మోటారు దగ్గర లీకేజీ కరెంటును పసిగట్టి కట్టేసే ఆర్‌సీసీబీ పెట్టుబడిలో ఒక మూలకు రాదు. చెరువు కాపలాదారులు చాలామంది పొరుగు జిల్లాల నుంచి, ఒడిశా నుంచి వచ్చి గట్టు మీదే గుడిసెలో ఉండేవాళ్లు. పక్క చెరువు కాపలావాడే వారికి దిక్కు. శిక్షణ వాళ్ల దాకా, వాళ్ల భాషలో వెళ్లాలి.